చప్పుడు లేని గది

హన్మండ్లు గారు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను రుద్రంగి హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి, వరండాలో నిలబడి ఉన్నాను.

"సారూ, మీ బిడ్డ సామాను ఏమన్న మర్చిపోయిన్రా మా ఇంట్ల?"

"లేదండీ. అంతా తెచ్చుకున్నాం."

"మరి గా రూములకెళ్లి ఏదో మిషన్ నడిసినట్టు చప్పుడత్తున్నది. తాళం తీసి చూస్తే ఏం లేదు. నీళ్ల మోటరేమో అని మేస్త్రీని గూడ పిలిపిచ్చిన. మోటర్ మంచిగనే ఉన్నదన్నడు."

ఎలాంటి చప్పుడని నేను అడగలేదు. పరీక్ష నడుస్తోందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

రజిత నా పెద్ద కూతురు. హన్మకొండలో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతూ, హన్మండ్లు గారి మేడ మీది గదిలో జ్వరంతో చనిపోయింది. ఆ గదిని ఎంచి పెట్టింది నేనే. ఆ తర్వాత ఏడాదిన్నరలో ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి, అద్దెకు వచ్చినవాళ్లు వారం తిరక్కుండా ఖాళీ చేశారని చెప్పాడు. మూడోసారి, "అది పొద్దుందాక నడుస్తది సారూ, కుంటుకుంట నడిసినట్టు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు తరగతిలో పాఠం ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు మా చిన్నమ్మాయి భార్గవికి అదే యూనివర్సిటీలో సీటు వచ్చింది. హాస్టల్ జాబితా వచ్చేసరికి రెండు నెలలు పడుతుందన్నారు. క్లాసులు సోమవారం మొదలవుతాయి. ఆదివారం ఇద్దరం వెళ్లి గది చూసి, సామాను దించి రావాలనుకున్నాం. నా భార్య నీల మాతో రానంది. బయలుదేరే ముందు సద్ది డబ్బా సంచిలో పెడుతూ ఒక్కటే చెప్పింది.

"గా ఊర్లె యాడనన్న ఉండనియ్యి. కని గా బజారుకు మాత్రం పోవద్దు. నువ్వు గూడ పోవద్దు."

"పోను" అన్నాను.

అబద్ధం చెబుతున్నానని అప్పుడు నాకు తెలియదు. కరీంనగర్‌లో బస్సు మారి, హుజూరాబాద్ దాటాక తెలిసింది.

ఉదయం పదింటికి యూనివర్సిటీ గేటు ఎదుట ఒక ప్రైవేటు హాస్టల్ చూశాం. గదికి ఆరు మంచాలు, ఒకదాని మీద ఒకటి. ఇరుకుగా ఉందన్నాను. తర్వాత పద్మాక్షి గుట్ట దగ్గర ఒక ఇల్లు. ముసలి దంపతులు, పెరట్లో జామచెట్టు. కిటికీ రోడ్డు వైపు ఉందన్నాను. అక్కడి నుంచి ఇంకో వీధిలో ఒక ఇల్లు. కిటికీయే లేదన్నాను.

భార్గవి నడిరోడ్డు మీద ఆగి సంచి కింద పెట్టింది.

"బాపూ, నువ్వు రూము చూస్తున్నవా, నాకు పిల్లగాన్ని చూస్తున్నవా? కిటికుంటె ఒక వంక, లేకుంటె ఒక వంక."

"ఇంకొకటి చూద్దాం."

"గట్లనే అనుకుంట అనుకుంట పొద్దు గూకుతది. అప్పుడు వేయి స్తంభాల గుళ్లె పడుకుందాం. వేయి స్తంభాలున్నయి, నీకు నచ్చిన స్తంభం సూసుకో."

నేను నవ్వాను. నవ్వినట్టే అనిపించింది.

ఆ గుడి వెనక సందులోనే ఒక పిండి గిర్ని మీద అద్దె బోర్డు కనిపించింది. ఇంటావిడ పేరు జులేఖాబీ. అరవై దాటి ఉంటాయి. కొంగు మీద, కనురెప్పల మీద కూడా సన్నగా పిండి పట్టి ఉంది. మమ్మల్ని చూడగానే గిర్ని ఆపింది.

"ఏ ఊరు సార్ మీది?"

"సిరిసిల్ల."

"అరె! నేను కోరుట్ల ఆడిబిడ్డను. మా పెద్ద బిడ్డను జగిత్యాలల ఇచ్చిన. గట్లయితె మనది ఒక్క దిక్కే." భార్గవి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పి చూసింది. "ఏం సదువుతవ్ బిడ్డా?"

"బాటనీ. చెట్ల చదువు."

"మంచిది. నా మల్లెచెట్టు పూస్తలేదు. గదేందో చూద్దువు." మెట్లెక్కుతూ ఆగి నా వైపు తిరిగింది. "ముందుగాలనే చెప్తున్న సార్, చప్పుడుంటది. పొద్దున ఏడింటికి గిర్ని షురూ, మాపటికి బంద్. నేల గూడ అదురుతది. తర్వాత నన్ను తిట్టద్దు. పోయినేడు ఉన్న పిల్ల చెవుల దూది పెట్టుకొని సదివింది. ర్యాంకు గూడ కొట్టింది."

"దూదితోనా?" అంది భార్గవి.

"మరి నాతోనా? నాకు ఉర్దూల అలీఫ్ అక్షరం గూడ రాదు."

గది చిన్నది. సున్నం కొత్తగా వేసి ఉంది. భార్గవి మంచం మీద కూర్చుని చూసింది, కిటికీ తీసి చూసింది, నా వైపు చూసింది. తనకు నచ్చిందని ఆమె చెప్పనవసరం లేదు. కింద ఎవరో జొన్నలు తెచ్చినట్టున్నారు, గిర్ని మళ్లీ మొదలైంది. కాళ్ల కింద నేల కదిలింది. నేను వెంటనే గుమ్మం దాటి వచ్చాను.

"ఆలోచించి చెప్తామమ్మా" అన్నాను.

"ఆలోచిచ్చుకోన్రి. కని పిల్ల సామాను మోసుకుంట తిరుగుడెందుకు? ఈడ పెట్టి పోన్రి."

"వద్దు, ఫర్వాలేదు."

సందు చివర ఆటో ఎక్కాం. డ్రైవరుకు నేను చెప్పిన గుర్తులు విని భార్గవి నా ముఖంలోకి చూసింది. రెండు మలుపులు తిరిగాక మెల్లగా అంది.

"బాపూ, గిది అక్క ఉన్న బజారు."

"అవును."

"అమ్మకు ఎరుకేనా?"

"లేదు."

రజితకు గది వెతికినప్పుడు నేను రెండు రోజులు ఈ ఊళ్లో తిరిగాను. నేను నేతవాళ్ల ఇంట్లో పుట్టాను. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం. మా వీధిలో తెల్లవారింది మొదలు సాంచెల చప్పుడే. మాటలు వినపడక పెదవులు చూసి అర్థం చేసుకోవడం అలవాటైన వీధి అది. ఆ చప్పుడులోనే నేను టీచర్ ట్రైనింగ్ దాకా చదివాను. నా బిడ్డకు ఇవ్వగలిగినది ఏదైనా ఉంటే అది నిశ్శబ్దమే అనుకున్నాను. ఊరంతా వెతికి, అన్నిటికన్నా నిమ్మళంగా ఉన్న గది పట్టాను. మేడ మీద ఒక్కటే గది, వెనక ఖాళీ స్థలం, కింద వినికిడి తగ్గిన ఒక వృద్ధుడు. ఆ రోజు నాకు చాలా సంతోషమైంది.

మొదటి వారమే రజిత ఫోన్ చేసింది. "నిద్ర పడ్తలేదు బాపూ. చెవులల్ల ఏదో ఖాళీ అయినట్టున్నది."

"అలవాటైతది బిడ్డా."

"ఒక్కపారి మన సాంచె చప్పుడు ఫోన్ల పట్టి పంపియ్యవా?"

"చదువు మీద మనసు పెట్టు" అన్నాను.

పంపలేదు. అది రెండు నిమిషాల పని.

మా దగ్గర సాంచె నడుస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగితే తల తిప్పుతారు. పోగు తెగిందేమో, కండె మీది నూలు అయిపోయిందేమో అనుకుంటారు. కాసేపటికి మళ్లీ నడవకపోతే ఎవరో ఒకరు లేచి వెళ్లి చూస్తారు. మా నాయన సాంబయ్య ఛాతీ పట్టుకుని సాంచె పక్కన కూలబడినప్పుడు ఇంట్లో మేమెవరం లేం. ఆగిన సాంచె మళ్లీ నడవడం లేదని పక్కింటి ఐలవ్వ వచ్చింది. ఆయన ఇంకో పదేళ్లు బతికాడు.

హన్మండ్లు గారి మేడ మీద ఏదీ ఆగలేదు. అక్కడ ఏదీ నడవలేదు కాబట్టి. కొంచెం జ్వరంగా ఉంది, పడుకుంటానని రజిత చెప్పింది. మర్నాడు ఫోన్ ఎత్తకపోతే పరీక్షలని బంద్ పెట్టుకుందనుకున్నాను. మూడో రోజు తలుపు పగలగొట్టారు.

ఆ నెలలోనే నీల మా సాంచెను తుక్కు కింద అమ్మేయించింది. ఆ చప్పుడు వినలేనంది. అది లేకుండా ఇప్పుడు మాకిద్దరికీ నిద్ర లేదు.

ఆటో దిగి వెళ్లేసరికి హన్మండ్లు గారు నన్ను గుర్తుపట్టి కుర్చీలోంచి లేవబోయాడు. నా వెనక ఉన్న భార్గవిని చూసి మళ్లీ కూర్చున్నాడు. ఆమె అక్కలాగే ఉంటుంది.

"చిన్నబిడ్డనా?"

"అవునండీ. రూము ఒకసారి చూద్దామని."

"నేను వద్దని చెప్ప సారూ. కని ఇయ్యాల్నని గూడ చెప్ప." గోడకున్న మేకు మీది తాళంచెవి తీసి ఇచ్చాడు.

మెట్లు బయటి నుంచే ఉన్నాయి. తలుపుకు, గొళ్లెం ఉన్నచోట, కొత్త చెక్క అతికించి ఉంది. దానికి రంగు వేయలేదు. లోపల ఇనుప మంచం, గోడలో అర. మధ్యాహ్నపు ఎండ నేల మీద నలుచదరంగా పడి ఉంది. నేను లోపలికి వెళ్లాను. భార్గవి గడప దగ్గరే నిలబడింది.

ఏమీ వినపడలేదు. నేను మంచం మీద కూర్చుని, ఈ ముసలాయన చెవులకే ఏదో వినపడుతోందేమోలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

అప్పుడు మొదలైంది. ముందు మంచం కోళ్లలోంచి అరికాళ్లకు తెలిసింది. తర్వాత చెవికి తెలిసింది. ఒక దెబ్బ తేలిక, ఒక దెబ్బ బరువు. తేలిక, బరువు. పోగును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే కట్టె ఒకవైపు విరిగితే, మా నాయన కొనడానికి వీల్లేక తుమ్మ చెక్క చెక్కి బిగించాడు. అప్పటి నుంచి మా సాంచె అలాగే కుంటుతూ నడిచేది. వీధిలో నలభై సాంచెలున్నా, మాది ఏదో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం.

భార్గవి చౌకట్టు పట్టుకుంది. పెదవులు మాత్రం కదిలాయి. మన సాంచె.

నేను తల ఊపాను.

భయం వేయలేదు. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే. నేను చెప్పులు విప్పి ఆ మంచం మీద పడుకున్నాను. పరుపు లేదు, ఇనుప పట్టీలు వీపుకు గుచ్చుకున్నాయి. ఏడాదిన్నరగా రాని నిద్ర నీళ్లలా వచ్చి నన్ను కప్పేసింది.

"బాపూ. బాపూ!"

కళ్లు తెరిచేసరికి నేల మీది ఎండ గోడెక్కింది. సాంచె నడుస్తూనే ఉంది. భార్గవి గడప బయట సంచి మీద కూర్చుని ఉంది. లోపలికి ఒక్క అడుగు కూడా వేయలేదు.

"గంటన్నరయింది. ఎన్నిసార్లు పిలిచినా లేస్తలేవు."

నేను లేచి కూర్చున్నాను. ఒళ్లు తేలికగా ఉంది. ఏమాత్రం తడుముకోకుండా అన్నాను.

"గీ రూమే తీసుకుందాం బిడ్డా. నీకు మంచిగ నిద్ర పడ్తది."

"నాకా?"

"మన ఇంట్ల ఉన్నట్టే ఉంటది. నేను గూడ ఆదివారం ఆదివారం వస్త. పొద్దుందాక ఉండి పోత."

ఆమె సంచి మీంచి లేచింది.

"నువ్వచ్చేది నన్ను చూడనీకెనా?"

నేను నేల మీది చెప్పుల వైపు చూశాను.

"పొద్దటిసంది నాకు ఏ రూమన్న మంచిగ చూసినవా బాపూ? గా గిర్ని రూముల ఎటు తలకాయ పెట్టి పడుకోవాల్నో గూడ నేను అనుకున్న. నువ్వు కండ్లు గూడ తెరిచి చూడలే." ఆమె గొంతు పెంచలేదు. సాంచె చప్పుడులో పెరిగిన పిల్లలు కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గిస్తారు. "నువ్వు అక్కకు రూము చూస్తున్నవ్. అక్కకు రూము ఉన్నది. నాకు లేదు."

"అట్ల కాదమ్మా."

"గట్లనే. నేనీడుంటె నువ్వు నా మొకం చూడవు. చప్పుడు వింటవు. నేను పిలిస్తె లేవవు. ఇప్పుడే చూసిన కద."

పిల్లలు సరైన జవాబు చెప్పినప్పుడు ఒప్పుకోవడం నా వృత్తి. అయినా నాకు చాలాసేపు పట్టింది. లేచి చెప్పులు వేసుకున్నాను. మంచం వైపు చూడకుండా బయటికి వచ్చి తాళం వేశాను. వేస్తున్నంతసేపూ తలుపు నా చేతి కింద సన్నగా అదురుతూనే ఉంది.

సగం మెట్లు దిగాక సాంచె ఆగింది.

మా ఇద్దరి తలలూ ఒకేసారి పైకి తిరిగాయి. నా కాలు నా ప్రమేయం లేకుండానే పై మెట్టు మీదికి వెళ్లింది. నలభై ఎనిమిదేళ్లుగా నా ఒంట్లో ఉన్నది ఆ ఒక్కటే. ఆగితే వెళ్లి చూడాలి. నేను లెక్క పెట్టడం మొదలుపెట్టాను. పోగు తెగి ఉంటే అతికించడానికి ఇంత సేపు. కండె అయిపోయి ఉంటే మార్చడానికి ఇంత సేపు. ఆ సమయం దాటిపోయింది. పైన ఏమీ నడవలేదు.

భార్గవి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నాక్కూడ పోవాలనే ఉన్నది బాపూ" అంది. "పోతె మనం దిగం. నువ్వు పోతా అంటె పో. నేను బస్సెక్కి సిరిసిల్లకు పోత. అమ్మ దగ్గరుంట. నాకు గీ సదువు వద్దు."

బెదిరింపు కాదు అది. ఆమె నిజంగానే వెళ్తుంది. నీల ఆమెను ఇంట్లోకి రానిస్తుంది, ఎందుకని అడగదు. ఆ ఇంట్లో నిద్రలేని వాళ్లు ముగ్గురవుతారు.

రజిత జ్వరంతో పడి ఉన్న రెండు రోజులు నేను వెళ్లని చోటికి ఇప్పుడు వెళ్లడానికి నాకు పది మెట్లున్నాయి. ఆ పది మెట్లూ ఎక్కలేదు. కిందికి దిగాను. దిగుతున్నప్పుడు ఒక్కో మెట్టు మీద ఆగి విన్నానని కూడా చెప్పాలి. కింది మెట్టు దాకా ఏమీ వినపడలేదు.

హన్మండ్లు గారు తాళంచెవి తీసుకుంటూ అడిగాడు.

"చప్పుడచ్చిందా సారూ?"

"వచ్చింది."

"ఏందది?"

"సాంచె. బట్ట నేసే మిషన్."

"ఎవలదది?"

"మాదే."

ఆయన కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు. "మరి దాన్ని బంద్ చేసుడెట్ల సారూ?"

"ఇప్పుడే బంద్ అయింది" అన్నాను. మళ్లీ నడవదని మాత్రం చెప్పలేకపోయాను. నాకు తెలియని సంగతి నేను చెప్పకూడదు.

మేము తిరిగి వెళ్లేసరికి జులేఖాబీ గిర్ని ముందు గోధుమలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"ఆలోచన అయిందా సార్? ఊరంత తిరిగి మళ్ల నా పిండిలకే అచ్చిన్రు."

సామాను పైకి చేర్చాం. ఈసారి నేను గదిని చూశాను. గొళ్లెం గట్టిగా ఉంది. కిటికీ ఊచలు సరిగా ఉన్నాయి. మంచం ఎటు తిప్పితే వెలుతురు పుస్తకం మీద పడుతుందో భార్గవి చూపించింది. ఇద్దరం కలిసి జరిపాం. కిందికి వచ్చాక జులేఖాబీని పక్కకు పిలిచాను.

"అమ్మా, ఒక్కటి అడుగుత. పొద్దున ఎనిమిదింటికల్ల పిల్ల కిందికి రాకపోతె తలుపు కొట్టున్రి. తీయకపోతె పగలగొట్టున్రి. తలుపుకు నేను కొత్తది చేయించి ఇస్త."

"ఎనిమిదింటికి పిల్లలు లేస్తరా సార్? ఆదివారం గూడ పగలగొట్టాల్నా?"

"ఆదివారం గూడ."

ఆమె నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది. ఎవరు, ఎప్పుడు అని అడగలేదు. చేట కింద పెట్టి చేతులు దులుపుకుంది.

"నేను రోజు తెల్లారగట్ల ఫజర్‌కు లేస్త. నమాజయినంక నీళ్లకు పైకి పోత. పోంగ ఒకసారి, రాంగ ఒకసారి పిలుస్త. సాలదా?"

"చాలు."

"నాతోని పిల్లకే ఇసుగత్తది, చూడున్రి."

భార్గవి మెట్ల మీది నుంచి వింటూనే ఉంది. "బాపూ, నువ్విగ పో, చీకటి పడ్తది" అంది. నేను వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి చూశాను. ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. జులేఖాబీ మల్లెచెట్టు సంగతి ఏదో గట్టిగా చెబుతోంది.

బస్సు కదిలాక నీలకు ఫోన్ చేశాను.

"దొరికిందా?"

"దొరికింది. గుడి వెనక. కింద పిండి గిర్ని ఉంది. ఇంటావిడ కోరుట్ల ఆడబిడ్డ."

"మంచిగున్నదా?"

"మంచిగుంది."

నీల ఫోన్ పెట్టలేదు. ఆమె వెనక మా వీధి సాంచెలు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అందులో మాది లేదు.

"నువ్వు గా బజారుకు పోయినవ్" అంది.

"పోయిన."

కోప్పడుతుందని ఎదురుచూశాను. నీల గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఉన్నదా?"

ఆ చప్పుడు సంగతి నేను చెప్పకపోయినా, హన్మండ్లు గారు ఇంటికి కూడా ఫోన్ చేసి ఉంటాడు. ఒక మాట ఎక్కువ చెప్పినా, ఒక మాట తక్కువ చెప్పినా ఆమె రేపే బస్సెక్కుతుంది.

"ఉండె" అన్నాను. "మేము దిగంగనే ఆగింది."

"చూసి రాలేదా?"

"లేదు నీలా. చిన్నది కింద నిలబడ్డది."

ఫోన్‌లో ఆమె ఊపిరి వినపడుతూనే ఉంది. నేను కూడా ఫోన్ పెట్టలేదు. బస్సు కిటికీలోంచి చెరువు ఒకటి నల్లబడుతూ వెనక్కి పోయింది. హుజూరాబాద్ దాటి, కరీంనగర్ దీపాలు కనిపించేదాకా మేమిద్దరం వీధి సాంచెల చప్పుడు వింటూ అలాగే ఉన్నాం.